కాలు తీస్తే ఆగే లారీ

నెహ్రూ గారు పోయిన మరుసటి శివరాత్రి అది. అప్పటికి నేను మెదక్‌కు కోడలిగా వచ్చి ఏడాది కూడా నిండలేదు. ఆ ఇంట్లో నాకంటే ముందు వచ్చిన ముద్దుల కోడలు ఒకటి ఉందని, దాని తరవాతే నా లెక్క అని మాత్రం బాగానే అర్థమైంది. అది మా మామ గాబ్రియేలు గారి లారీ.

రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక మిలిటరీ వాళ్లు సికింద్రాబాద్‌లో పాత బండ్లు వేలం వేస్తే కొనుక్కొచ్చిన పెట్రోలు లారీ. మిలిటరీ ఆకుపచ్చ రంగును మా మామ మార్చలేదు, వెలిసిన చోటల్లా మళ్లీ అదే రంగు పూసుకుంటూ వచ్చాడు. మామూలు రోజుల్లో వడ్లు, బియ్యం, ఇటుకలు. శివరాత్రి వస్తే ఏడుపాయల జాతరకు జనం. మేము చర్చి వాళ్లం. దుర్గమ్మకు మొక్కులు తీర్చుకోవటానికి పోయేవాళ్లు మా లారీ ముందు టైరు దగ్గర కొబ్బరికాయ కొట్టి మరీ ఎక్కేవారు. ఆ కాసేపు మా మామ మొహం అటు తిప్పుకొని బీడీ ముట్టించేవాడు. చిప్ప చేతిలో పెడితే మాత్రం కాదనేవాడు కాదు. ఇదేమిటని చర్చి అయ్యగారు ఒకసారి నిలదీస్తే, "కొట్టింది వాళ్లు, నేను తిన్నది కొబ్బరి" అన్నాడట.

ఆ లారీకి ఒక జబ్బు ఉండేది. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తే ఆగిపోయేది. ఏ బండైనా కాలు తీసినా తనంతట తాను గుడగుడమంటూ నిలబడుతుంది, ఇది నిలబడదు. చౌరస్తాలో ఎవరితోనైనా ఒక మాట మాట్లాడాలన్నా మా మామ కాలు దాని మీద ఉండాల్సిందే. బ్రేకు వేయాల్సి వస్తే పాదం ముందు భాగం బ్రేకు మీద, మడమ యాక్సిలరేటర్ మీద. మడమ పిసరు ఎక్కువ నొక్కితే బండి ఎగిరిపడుతుంది, పిసరు తక్కువైతే చచ్చిపోతుంది. వేడి మీద ఆగిందా, ముందు హ్యాండిల్ పెట్టి ఎంత తిప్పినా మూలుగుతుందే తప్ప లేవదు. అందుకే దాని చప్పుడు ఒక తీరుగా ఉండేది కాదు. రొప్పుతూ, ఎగశ్వాస తీస్తూ, మళ్లీ పుంజుకుంటూ వచ్చేది. చర్చి కాంపౌండు నుంచి కోట దాకా ఆ రొప్పు వినగానే గాబ్రియేలు వస్తుండు అనుకునేవారు.

మా ఆయన రిచర్డ్ ఆ లారీలో ఎడమ సీటులో కూర్చునేవాడు. అప్పట్లో నేను ఆయన్ను పేరు పెట్టి పిలిచిందీ లేదు, ఒకరి దగ్గర ఆ పేరు పలికిందీ లేదు. ఇప్పుడు రాసేటప్పుడు ఆ ముచ్చట తీర్చుకుంటున్నాను. రిచర్డ్‌కు లైసెన్సు ఉంది, మీసం ఉంది, పెళ్లాం ఉంది. అయినా తండ్రి పక్కన క్లీనరే. ఒకటి రెండు సార్లు నడపబోయాడట. సంత రోజున చౌరస్తా మలుపులో బ్రేకు కోసం కాలు తీశాడు, లారీ అడ్డంగా ఆగిపోయింది. అటు బండ్లు అటు, ఇటు బండ్లు ఇటు. "ఎడ్లను కడ్దామా చిన్న డ్రైవర్ సాబ్?" అని జనం ఒకటే నవ్వు. ఆ తరవాత స్టీరింగ్ ముట్టుకోలేదు.

నాకు ఒళ్లు మండేది. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"మీకు నడుపుడొస్తది గద. మరెందుకు నడుపరు?"

"నాకు నడుపుడొస్తది. నా కాలు కింద నడుసుడు దానికి రాదు."

"బాగు చేయించరాదుండ్రి మరి?"

"నాయిన వద్దంటుండు," అని చొక్కా తగిలించుకొని బయటికి వెళ్లిపోయాడు.

ఆ వద్దనటం ఏమిటో నా కళ్లతోనే చూశాను. నేను మిషన్ బడిలో చిన్నపిల్లలకు చెప్పేదాన్ని. బడి నుంచి వచ్చే దారిలోనే గులాం రసూల్ వర్క్‌షాపు. వర్క్‌షాపు అంటే రెండు రేకులు, నూనె తాగి నల్లబడిన నేల. మా మామకు, ఆయనకు లారీ కొన్ననాటి నుంచి స్నేహం. గులాం రసూల్‌కు ఒక పట్టుదల ఉండేది. నడిపేవాడు ఒప్పుకోకుండా బండి మీద పానా పెట్టడు. యజమాని వచ్చి మొత్తుకున్నా సరే, "కొన్నోడు కొన్నడు, దాని నొప్పి నడిపేటోనికి తెలుసు, ఆయన్ను పిలువుండ్రి" అనేవాడు. ఊళ్లో అందరికీ ఆ సంగతి తెలుసు.

ఆ రోజు లారీ అక్కడే ఉంది. మా మామ ముక్కాలి పీట మీద కూర్చొని చాయ్ తాగుతున్నాడు. బానెట్ తెరిచి ఉంది. దీని జబ్బేమిటి చాచా అని నేను అడిగితే గులాం రసూల్ సంబరంగా చూపించాడు.

"గిది కార్బురేటర్ బిడ్డా. లోపట సన్న కడ్డీ ఉన్నది, కానొస్తుందా? కాలు నొక్కితే గది తిరుగుతది, రేకు తెరుసుకుంటది, ఇంజన్‌కు గాలి, పెట్రోలు పోతయి. ఇన్నేండ్లు తిరిగి తిరిగి కడ్డీ అరిగింది, దాని రంధ్రం పెద్దగైంది." వేలితో కదిపితే కడ్డీ ఊగే పన్నులా కదిలింది. "గీ సందులకెల్లి దొంగ గాలి వోతుంది. కాలు దీస్తె పెట్రోలు తక్కువ, దొంగ గాలి ఎక్కువ. ఇంకేం నిలవడ్తది?"

"బాగు కాదా మరి?"

"ఎందుకు గాదు! రంధ్రం సాఫ్ జేసి, ఇత్తడి బుష్ ఏసి, కొత్త కడ్డీ ఎక్కిస్తె పెండ్లికొడుకు లెక్క నిలవడ్తది. ఒక్క పూట పని."

"అయితే ఎయ్యి చాచా."

పీట మీద నుంచి మా మామ గొంతు లేచింది. "నవోమీ, నువ్వు బళ్లె పిల్లలకు చెప్పు. బండికి నేను చెప్త." గ్లాసు కింద పెట్టి గులాం రసూల్ వైపు తిరిగాడు. "ఉస్తాద్, నేను స్టీరింగ్ మీద ఉన్నన్ని రోజులు ఆ కార్బురేటర్ మీద నువ్వు చెయ్యి పెట్టొద్దు. నాకు మాటియ్యి."

గులాం రసూల్ నవ్వి చేతిలో చెయ్యి వేశాడు. "ఇచ్చిన పో భాయ్. నీ బండి, నీ పరేషాన్."

నేను ఇంటికి వస్తూ దారి పొడుగునా లోలోపల మా మామను తిట్టుకున్నాను. కొడుకు పైకి రావటం ఇష్టం లేని తండ్రిని చూశాను అనుకున్నాను.

*

ఫిబ్రవరిలో ఎండలు మొదలయ్యాయి, రైతులు మిరపకాయలు ఆరబోసుకుంటున్నారు. నర్సాపూర్‌లో మా చిన్నమ్మ కూతురికి కాన్పు అయితే చూడటానికి వెళ్లాను. మా లారీ అటే బియ్యం దింపి తిరిగి వస్తూ నన్ను ఎక్కించుకుంది. క్యాబిన్‌లో కూర్చోవటం నాకు అదే మొదటిసారి. స్టీరింగ్ దగ్గర మా మామ, ఎడమ కిటికీ పక్కన రిచర్డ్, మధ్యలో నేను, నా ఒళ్లో చిన్నమ్మ కట్టిచ్చిన అప్పాల డబ్బా.

రిచర్డ్‌కు పడిశం పట్టి గొంతు పూర్తిగా పోయింది. మఫ్లర్ చుట్టుకొని కూర్చున్నాడు. ఏదో చెప్పబోతాడు, గాలి తప్ప మాట రాదు. మా మామ చిరాకు పడుతున్నాడు. "ఏందిరా? ఏమంటున్నవు?" అని పదే పదే అడుగుతున్నాడు. కాసేపటికి రిచర్డ్ నా మీదుగా చెయ్యి చాచటం మొదలుపెట్టాడు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. తండ్రి పక్కన ఉండగా ఈ మనిషికి ఇదేం పోయేకాలం అనుకొని ఆ చెయ్యి మెల్లగా తోసేశాను. మళ్లీ చాచాడు. డబ్బా అడ్డం పెట్టాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ అప్పుడు నా చెవులు కాలిపోయాయి.

కుల్చారం దగ్గర సగం రోడ్డు దాకా మిరపకాయలు పరిచి ఉన్నాయి. ఎండలో ఎర్రగా ఎంతో దూరం నుంచి కనబడుతున్నాయి. అక్కడికి వచ్చేసరికి అందరూ బండి పక్కకు తీసుకుంటారు. మా లారీ తీసుకోలేదు, వేగమూ తగ్గలేదు. రిచర్డ్ నా మీద పడి స్టీరింగ్ పట్టుకొని లాగాడు. అప్పటికే ముందు టైర్లు మిరపకాయల మీదికి ఎక్కేశాయి. అంచున కూర్చొని తొడిమలు తీస్తున్న ఒక ముసలామె పక్కకు దొర్లింది. లారీ ఆమె కొంగును రాసుకుంటూ పోయి, ఇంజన్ చచ్చిపోయి, ఆగింది.

ఆ ఘాటుకు అందరికీ దగ్గు. ఆమె దగ్గుతూనే లేచింది. ఆమె పేరు ఐలమ్మ అని తరవాత తెలిసింది.

"కండ్లు కనబడ్తలేవా నీకు? ఇంత మేర ఎర్రగ పరిస్తె కనబడ్తలేదా? ఏడ పెట్టుకున్నవు కండ్లు?"

రోడ్డు మీద తిరిగే ప్రతి డ్రైవరూ ఎప్పుడో ఒకప్పుడు పడే తిట్టే అది. మా మామ నోరు చిన్నదేమీ కాదు, ఒకటంటే నాలుగు అప్పజెప్పేవాడు. ఆ రోజు మాత్రం దిగి, నేల మీద కూలబడి, చెదిరిన మిరపకాయలు ఏరటం మొదలుపెట్టాడు. అరచేతులతో నేలను తడుముతూ ఏరుతున్నాడు. మోకాలి పక్కనే ఎర్రగా కుప్ప ఉంది. దాన్ని వదిలేసి ఏమీ లేని మట్టిలో వెతుకుతున్నాడు. నేను రిచర్డ్ మొహంలోకి చూశాను. ఆయన తల దించుకున్నాడు.

ఇంజన్ చల్లారి మళ్లీ బయలుదేరేటప్పుడు ఎవరూ చెప్పకుండానే నేను కిటికీ పక్కకు మారాను. రిచర్డ్ మధ్యలో కూర్చొని వాళ్ల నాన్న మోకాలి మీద చెయ్యి వేశాడు. తడితే ఎడమకు, గిల్లితే కుడికి, నొక్కితే బ్రేకు. ఎడ్లబండి వస్తే ఒక గుర్తు, గొర్రెల మంద వస్తే ఒక గుర్తు. గొంతు బాగున్న రోజుల్లో ఇదే పని నోటితో చేసేవాడన్నమాట. గాబ్రియేలు, కొడుకు క్యాబిన్‌లో తెగ ముచ్చట్లు పెట్టుకుంటారని ఊళ్లో అనుకునేవారు. ఒకరి కళ్లు, ఒకరి కాలు కలిసి ఆ లారీని నడుపుతున్నాయని ఎవరికీ తెలియదు.

*

మా అత్త ఎలిశిబా వంటింట్లో వంకాయలు తరుగుతోంది. పక్కన కూర్చున్నాను.

"అత్తమ్మా, మామకు కండ్లు కనబడ్తలేవు గద?"

"ఎవరు చెప్పిన్రు నీకు?"

"మిరపకాయలు చెప్పినయి."

కత్తిపీట ఆగింది. ఆమె లేచి వెళ్లి వాకిలి వైపు చూసి వచ్చి మళ్లీ కూర్చుంది.

"పోయిన క్రిస్మస్ ముందటి సంది. పొర కమ్మింది. ఎలుగుల మనిషి నీడ కానొస్తదట, అంతనే. దవాఖానకు పోదాం, ఆపరేషన్ జేస్తరట అంటె, కండ్లకు పట్టీలు గట్టి పండవెట్టిన్నాళ్లు బండి ఎవరు నడుపుతరని అడుగుతడు."

"మీ కొడుకు నడుపుతడు. కార్బురేటర్ బాగు చేయిస్తె చాలు."

"గదే గద బిడ్డా." మా అత్త గొంతు తగ్గించింది. "బాగు చేయిస్తె వాడు నడుపుతడు. వాడే గాదు, ఎవడైన నడుపుతడు. ఇంక ఈయన ఎందుకు? అది పాడున్నన్ని రోజులే ఈయన డ్రైవర్. ఆయన భయం గది. నాతోని ఎన్నడు అనలేదు గని, నాకు తెల్వదా?"

నేను అసూయ అనుకున్నది భయం. మిలిటరీ లారీకి తాళం చెవి ఉండదు, స్విచ్ లాగితే చాలు. ఆయన తన బండికి ఆ జబ్బునే తాళం వేసుకొని కూర్చున్నాడు. జాలి పడాలో కోప్పడాలో నాకు తెలియలేదు. మొదట కోపమే వచ్చింది.

కోపానికి కారణం జాతర. శివరాత్రికి ఇంకా రెండు వారాలు కూడా లేవు. టేక్మాల్ నుంచి ఇంద్రకరణ్ పటేల్ వచ్చి, తమ ఊరి ఆడవాళ్లను, పిల్లలను మా లారీలోనే ఏడుపాయలకు దింపాలని మాట తీసుకొని పోయాడు. మా మామ సంతోషంగా ఒప్పుకున్నాడు. ఏడుపాయల దగ్గర చివరి మైలు రోడ్డులా ఉండదు, అంతా జనమే. ఎడ్లబండ్ల కింద పడుకున్న పిల్లలు, బోనాలు ఎత్తుకొని కాళ్ల కింద చూడకుండా నడిచే ఆడవాళ్లు, పూనకాలు వచ్చి బండ్లకు అడ్డం ఊగేవాళ్లు. ఆ డప్పుల మోతలో రిచర్డ్ చెప్పేది ఎలా వినబడుతుంది? మోకాలు తట్టి ఎంతమందిని తప్పిస్తాడు? ఐలమ్మ కొంగు టైరు పక్కన కదిలిన తీరు నాకు పదే పదే కనబడేది. అన్నం సయించేది కాదు.

రిచర్డ్‌కు గొంతు వచ్చాక మొదట నేను అడిగింది అదే.

"జాతరకు ఏం చేస్తరు?"

"నాయినను నేనెట్ల దిగుమంటనే? నాకు మూడేండ్లున్నప్పుడు ఒళ్లె కూసుండవెట్టుకొని స్టీరింగ్ పట్టిపిచ్చిండు. ఆయనకు నేను చెప్పాల్నా, నీకు కండ్లు లేవు దిగు అని?"

"అయితే ఎవరు చెప్తరు?"

గోడ అవతల నుంచి మా అత్త వింటూనే ఉంది. కొంగు దోపుకొని లోపలికి వచ్చింది.

"ఎవ్వరు చెప్పొద్దు. పా నవోమీ, ఉస్తాద్ కాడికి పోదాం."

*

ఇద్దరు ఆడవాళ్లు వర్క్‌షాపుకు రావటం గులాం రసూల్ ఎప్పుడూ చూసి ఉండడు. కంగారుగా పీట తుడిచాడు. మా అత్త కూర్చోలేదు.

"అన్నా, ఆ కార్బురేటర్ బాగు చెయ్యి."

"భాభీ, గాబ్రియేల్ భాయ్‌కు మాటిచ్చిన. నీకు తెలుసు గద, డ్రైవర్ చెప్పంది నేను పానా పట్ట."

"ఆ డ్రైవర్‌కు కండ్లు లేవు."

ఏదో కోపంలో అంటోందనుకొని ఆయన నవ్వాడు. మేము నవ్వటం లేదని చూసి ఆపేశాడు. పీట మీద తనే కూర్చుండిపోయాడు.

"మొన్న పానా నా చేతికియ్యి భాయ్ అంటె గాలిల పట్టుకున్నడు," అన్నాడు. "మజాక్ చేస్తుండనుకున్న. యా అల్లా. దోస్త్ ఇజ్జత్ కాపాడుతున్న అనుకొని మాటిచ్చిన. నేను కాపాడింది గిదా?"

"శివరాత్రికి టేక్మాల్ పోరగాండ్లను ఎక్కించుకుంటడట," అంది మా అత్త.

గులాం రసూల్ లేచాడు. మూలన ఉన్న గోనెసంచి దులిపి, లోపలి నుంచి ఇంకో కార్బురేటర్ తీశాడు. మా లారీతో పాటే వేలంలో అమ్ముడుపోయి, ఎప్పుడో తుక్కు కింద పోయిన ఇంకో లారీది. దాన్ని అటూ ఇటూ తిప్పి, ఊది, కడ్డీ కదిపి చూశాడు.

"దీనికి బుష్ ఏస్త. ఆ కార్బురేటర్ మీద మాత్రం నేను చెయ్యి పెట్ట, మాటంటే మాటే. రిచర్డ్ నట్లు ఇప్పి, దాన్ని తీసి పక్కకు పెడ్తడు. ఖాళీ జాగల నేను ఇది పెడ్త. ఖాళీ జాగ గురించి నేను భాయ్‌కు ఏం మాటియ్యలే."

అన్ని రోజుల తరవాత మా అత్త నవ్వటం అప్పుడే చూశాను. "మీ మొగోళ్ల మాటలన్ని గిట్లనే ఉంటయి," అంది.

"ఆదివారం మీరు చర్చి గుడికి పోయినప్పుడు వస్త. పని అయినంక మీ గడప మీదనే కూసుంట. భాయ్ వచ్చినంక నేనే చెప్త. తిడ్తె నన్ను తిట్టనీ."

*

ఆదివారం పొద్దున రిచర్డ్ జ్వరమని ముసుగు తన్నాడు. మా మామ తెల్లకోటు తొడుక్కున్నాడు. చేతికర్ర తీసుకునేవాడు కాదు. గంట మోగే వైపు తలెత్తుకొని, ఇంటి నుంచి చర్చి దాకా తెలిసిన దారిలో మా కంటే రెండడుగులు ముందే నడిచేవాడు. కీర్తనలన్నీ కంఠతా వచ్చు, అందరికంటే పైకి పాడేవాడు. ఆ రోజు అయ్యగారు దేని గురించి ప్రసంగించారో నాకు గుర్తులేదు. మా అత్త పాటల పుస్తకం తెరవకుండానే పట్టుకొని కూర్చోవటం గుర్తుంది.

బయటికి వచ్చాక అలవాటు ప్రకారం అందరికీ చెయ్యి కలిపాడు. గొంతు విని పేరు పెట్టి పలకరిస్తాడు, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. మా బడి ప్రభుదాసు మాస్టారు అడిగాడు.

"ఏం గాబ్రియేలు, శివరాత్రి కిరాయి దొరికిందా?"

"దొరుకుడేంది, టేక్మాలోళ్లు వచ్చి బతిమాలిండ్రు. మా బండి దప్ప ఎక్కరట," అన్నాడు గొప్పగా.

గేటు దాటి రోడ్డెక్కాం. ఎదురుగా లారీ వస్తోంది. మా ఆకుపచ్చ లారీ. లోపల రిచర్డ్ ఒక్కడే ఉన్నాడు. ఇంటి దగ్గర గులాం రసూల్ ఉంటాడు, నెమ్మదిగా చెప్తాడు అనుకున్నదంతా గాలికి పోయింది. ఇంజన్ తన కాలు కింద నిలబడి నడుస్తుంటే మనసు ఆగలేదని, మమ్మల్ని ఎక్కించుకొద్దామని వచ్చేశానని తరవాత చెప్పాడు. మా అత్త నా మణికట్టు పట్టుకుంది.

మా మామ అప్పటికే ఆ చప్పుడు విన్నాడు. రెండు చేతులూ చాచి మమ్మల్ని వెనక్కి జరిపాడు.

"జరుగుండ్రి, జరుగుండ్రి. లారీ వస్తుంది."

తనూ రోడ్డు దిగి గడ్డిలో నిలబడ్డాడు. పొమ్మన్నట్టుగా చెయ్యి ఊపాడు. డ్రైవర్లు దారి ఇచ్చేటప్పుడు ఒకరికొకరు చూపించుకునే మర్యాద అది.

లారీ ఆయన పక్కకు వచ్చి ఆగింది. రిచర్డ్ స్టీరింగ్ పట్టుకొని బిగుసుకుపోయాడు. ఇంజన్ మాత్రం సమంగా, మెల్లగా తిరుగుతోంది. మా మామ తల వంచి విన్నాడు. నా చెవి దగ్గరికి వచ్చి, డ్రైవర్‌కు వినబడకుండా అడిగాడు.

"ఎవరి బండి బిడ్డా గిది? మన ఊర్లెది గాదు. ఎంత సాఫ్‌గ నిలవడ్డదో చూసినవా? నడిపేటోడు అదృష్టవంతుడు."

నేను మా అత్త వైపు చూశాను. ఆమె తల తిప్పుకుంది. పైన రిచర్డ్ కళ్ల నిండా నీళ్లు. ఇంక చెప్పేదాన్ని నేనే.

"మనదే మామా."

ఆయన మొదట నవ్వాడు. తరవాత చెయ్యి ముందుకు చాచి రెండడుగులు వేశాడు. చేతికి బానెట్ తగిలింది. దాని అంచు వెంట వేళ్లు పోనిచ్చాడు, మడ్‌గార్డు తడిమాడు, మళ్లీ బానెట్ మీదికి వచ్చాడు.

"రిచర్డ్."

"ఆ నాయినా."

"కాలు దీసినవా?"

"దీసిన."

"ఉస్తాద్ మాట దప్పిండా?"

"తప్పలే నాయినా. నట్లు నేనే ఇప్పిన."

ఆయన చెయ్యి తీయలేదు. చర్చి నుంచి వచ్చేవాళ్లు ఒక్కొక్కరే మా చుట్టూ ఆగుతున్నారు. ఏమైందని ప్రభుదాసు మాస్టారు అడుగుతున్నాడు. కేకలు వేస్తాడేమో, కొడుకును దించి కొడతాడేమో అని నేను భయపడ్డాను. ఆయన మా అత్త ఉన్న వైపు తిరిగాడు. తిరగటం కొంచెం పక్కకు పోయింది, ఆమె నిలబడ్డది అక్కడ కాదు.

"కండ్లు వోతె వోయినయి, చెవులున్నయి గద అనుకున్న ఎలిశిబా," అన్నాడు, అందరికీ వినబడేట్టుగానే. "నా బండికి నేనే బాట ఇడిసిన, ఎవనిదో అనుకొని."

నాకు ఏడుపు ఆగలేదు. ఆ మనిషిని అన్ని రోజులు మనసులో తిట్టుకున్నదాన్ని, అప్పుడు ఆయన కాళ్లు పట్టుకోవాలనిపించింది.

"కొత్త కార్బురేటర్ గదయ్యా," అంది మా అత్త. "ఎవ్వరు గుర్తువడ్తరు?"

రిచర్డ్ దిగి వచ్చి ఎడమ తలుపు తీసి పట్టుకున్నాడు. డ్రైవర్ సీటు ఖాళీగా ఉంది, ఇంజన్ నడుస్తూనే ఉంది.

"ఎక్కు నాయినా."

"నువ్వు నడుపు. నేను నడిసొస్త," అన్నాడు మా మామ. కోటు సర్దుకొని, గాలిలోకి చెయ్యి చాచాడు. "ఎలిశిబా, చెయ్యియ్యి."

మెదక్‌లో ఆ రోజుల్లో మొగుడూ పెళ్లాలు రోడ్డు మీద చేతులు పట్టుకొని నడిచేవారు కాదు, అదీ చర్చి విడిచిన వేళ, ఊరంతా చూస్తుండగా. మా అత్త ఒక్క క్షణం అటూ ఇటూ చూసి, వెళ్లి ఆయన చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ రోడ్డు మధ్యలో ఇంటి వైపు నడిచారు. ఆయన అడుగు ఎత్తి ఎత్తి వేస్తున్నాడు. నేను క్యాబిన్ ఎక్కాను. రిచర్డ్ లారీని వాళ్ల నడకకు తగ్గించి వెనకాలే పోనిచ్చాడు. మా మామ ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. ఇల్లు వచ్చేదాకా ఇంజన్ ఎక్కడా ఆగలేదు.